పదును

(వ్యాసపూర్ణిమ నాటి సాయంకాలం ఆలయ ముఖమండపంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈనాడు ఆషాఢ శుద్ధ పూర్ణిమ. వేదములను విభజించి, మహాభారతమును లోకానికి అనుగ్రహించిన వ్యాసభగవానుని స్మరించి, మనకు విద్య గరపిన గురువులకు నమస్కరించే దినం. ఏటా ఈ మండపం నిండిపోతుంది. ఈసారి వెనుక వరుసలు ఖాళీగా కనబడుతున్నాయి. ధర్మకర్తలు కొంచెం చిన్నబుచ్చుకున్నట్టున్నారు. నాకు మాత్రం సంతోషంగానే ఉన్నది. మొన్న రాత్రి మంచి వాన కురిసింది. రేగడి పదునుకు వచ్చింది. రావలసిన వారంతా పత్తి విత్తనం పెట్టుకుంటున్నారు. వారిని వదిలి మనం ఇక్కడ గురుపూజ చేస్తున్నామని నేను అనుకోవడం లేదు. ఎందుకో మనవి చేస్తాను.

శ్రీమద్భాగవతం ఏకాదశ స్కంధంలో యదు మహారాజుకు ఒక అవధూత కనిపిస్తాడు. ఇంత చిన్న వయస్సులో ఇంత జ్ఞానం నీకెక్కడిదని రాజు అడిగితే, తనకు ఇరువదినలుగురు గురువులున్నారని ఆయన చెబుతాడు. ఆ గురువులెవరు? భూమి, గాలి, ఆకాశం, నీరు, తేనెటీగ, కొండచిలువ, చేప, సాలెపురుగు, బాణములు చేసే పనివాడు, గాజులు చప్పుడు కాకుండా ధాన్యం దంచిన కన్యక. వారిలో ఒక్కరైనా ఆయనను ఎదుట కూర్చోబెట్టుకొని పాఠం చెప్పలేదు. వారి పని వారు చేసుకొంటున్నారు, ఆయన చూశాడు. ఈ కథను నేను ఎన్ని వేదికల మీద చెప్పానో లెక్క లేదు. అయితే దాని అర్థం నాకు తెలిసినది గ్రంథంలో కాదు. చిలకలూరిపేటకూ పర్చూరుకూ నడుమ, మా నాలుగెకరాల నల్లరేగడి చేనులో తెలిసింది. తెలిసిన తీరు గర్వంగా చెప్పుకోదగినది కాదు.

అప్పటికి నాకు ఇరువదిరెండేళ్లు. శబ్దమంజరితో ఆరంభించి అమరం, పంచకావ్యాలు, లఘుకౌముది, తర్కసంగ్రహం చదువుకొని, పట్టా పుచ్చుకొని ఇంటికి వచ్చాను. ఊరంతా నన్ను చినపంతులుగారని పిలవడం మొదలుపెట్టింది. మా పొలం ఒక రైతు కౌలుకు చేసేవాడు. ఆయన వచ్చి, పత్తి విత్తడానికి ముహూర్తం పెట్టమన్నాడు. నాన్నగారు నావైపు చూపించారు. పంచాంగం తిరగవేసి, ఆషాఢ బహుళంలో రోహిణీ నక్షత్రం కూడిన గురువారం, ఉదయం వేళ అని నిర్ణయించాను. విత్తనానికి రోహిణి ప్రశస్తం. నా లెక్కలో తప్పు లేదు. ఈనాటికీ లేదు.

సరిగ్గా ఆ ముందురోజు చీకటి పడ్డాక వాన దంచికొట్టింది. తెల్లవారి నేనూ చేనికి వెళ్లాను. నేను పెట్టిన మొదటి ముహూర్తం కదా, చూడాలని ముచ్చట. ఇప్పటిలాగా తాడు పట్టి గింజ గింజ చేత్తో పెట్టడం అప్పుడు మా వైపు లేదు. గింజలకున్న నూగు అంటుకుపోయేటట్టు పేడనీళ్లలో రుద్ది, నీడన ఆరబెట్టి, గొర్రు వెనుక జడ్డిగంలో పోసేవారు. విత్తనం పోయడానికి వచ్చిన ఆడవారిలో ఒక పెద్దామె ఉండేది. కలుపుకైనా, మిరపకోతకైనా ఊళ్లో కూలిమనుషులను కూడగట్టేది ఆమే. ఆమె గట్టు దిగి, జానెడు లోతున మట్టి తీసి, పిడికిట్లో పిసికి, వేళ్లు విప్పి చూసింది. 

"ఇంకా పదునుకు రాలేదయ్యగారా. రెండ్రోజులు ఆగాల" అన్నది.

ఆమెకు మా అమ్మ వయస్సుంటుంది. "నీకేం తెలుసు? ఈ ముహూర్తం దాటితే మళ్లీ పది రోజుల దాకా లేదు" అన్నాను. ఆమె మాట్లాడలేదు. రైతు ఆమె వైపొకసారి, నా వైపొకసారి చూశాడు. గొర్రు కట్టించాడు.

గొర్రు పళ్లకు బంకమట్టి చుట్టుకున్నది. పది బారలకొకసారి ఆపి కర్రతో గీకవలసి వచ్చింది. అయినా నా ముహూర్తంలోనే విత్తనం పడింది. తరువాత నాలుగు రోజులు ఎండలు కాశాయి. తడి మీద తొక్కుడు పడిన రేగడి పైన పెంకు కట్టింది. లోపల గింజ చీకిపోయింది. మొలిచినవి అక్కడొకటి, ఇక్కడొకటి. రైతు అప్పు చేసి మళ్లీ విత్తనం కొన్నాడు. ఆ రెండవ విత్తు వెనుకబడింది. ఆ యేడు దిగుబడి సగానికి లేదు. కౌలు మాత్రం పూర్తిగా చెల్లించాడు.

ఇంతవరకు జరిగినది అజ్ఞానం. తరువాత నేను చేసినది అపరాధం. మా ప్రాప్తం ఇంతేనండీ అని ఆయన అంటే, గ్రహస్థితి అలా ఉన్నదని నేను తలాడించాను. 

ఆ పెద్దామె ఊళ్లోనే ఉన్నది. ఆ సంగతి ఎక్కడా అనలేదు. దారిలో ఎదురైతే ఎప్పటిలాగే పక్కకు తొలగి దండం పెట్టేది. ఆ దండం నాకు నిద్ర లేకుండా చేసింది.

మరుసటి సంవత్సరం తొలకరికి నేనే ఆమె గుడిసె దగ్గరికి వెళ్లాను. పదును ఎలా చూడాలో నేర్పమన్నాను. ఆమె నవ్వింది. "చెప్పేదేముందయ్యా, చేతికి తెలుస్తది" అన్నది. నాకు కోపం వచ్చింది. లక్షణం చెప్పలేని విద్య విద్యేనా అని. తరువాత అర్థమైంది, ఆమె దాచుకోవడం లేదు. మాటలతో అందేది కాదది. వాన పడినప్పుడల్లా నా అరచేతిలో మట్టి పెట్టేది. ఇది పచ్చి. ఇది ఇంకా పచ్చే. ఇది రేపటికి వస్తది. ఇది దాటిపోయింది. ఉండ చేసి నడుము ఎత్తు నుంచి వదిలితే, ముద్దగా నిలిస్తే ఆగాలి, పొడిపొడిగా రాలితే ఆలస్యమైంది. నాలుగు పలుకులుగా విచ్చుకుంటే గొర్రు కట్టవచ్చు. ఈ ఒక్క సూత్రం మాత్రం నేను ఆమె చేతిని చూసి కూర్చుకున్నాను. నా చేతికి తెలియడానికి మూడు తొలకర్లు పట్టింది.

తర్కసంగ్రహంలో ప్రమాణములు నాలుగు: ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం. పదిహేడేళ్లకే కంఠస్థం చేశాను. ఉపమానానికి అన్నంభట్టు ఇచ్చిన ఉదాహరణ తర్కం చదివిన వారందరికీ తెలుసు. గవయమృగం ఎట్లుంటుందో ఎరుగనివాడు, అది ఆవును పోలి ఉంటుందని విని, అడవికి పోయి దానిని గుర్తిస్తాడు. ఎవరి వలన విన్నాడు? ఒక అడవిమనిషి వలన. ఆ వాక్యానికి నేను వారాల తరబడి పదకృత్యం చేశాను. అందులో గురువు స్థానంలో ఉన్నవాడు అడవిలో తిరిగే మనిషి అన్న సంగతి మాత్రం నా కంట పడలేదు.

మరొకటి కూడా ఆ రోజుల్లోనే తెలిసింది. పంచాంగంలో దిననక్షత్రం చంద్రునిది. దాదాపు రోజుకొకటి మారుతుంది. రైతుల కార్తె సూర్యునిది. సూర్యుడు ఒక్కొక్క నక్షత్రంలో పదమూడు పద్నాలుగు రోజులుంటాడు. ఇరువదియేడు నక్షత్రాలు తిరిగేసరికి సంవత్సరం. మే చివరి వారంలో రోహిణి, జూన్ మొదటి పక్షంలో మృగశిర, ఆపైన ఆరుద్ర, పునర్వసు, పుష్యమి. వానలు, గాలులు, ఎండలు సూర్యుని వెంట నడుస్తాయి గాని చంద్రుని వెంట కాదు. నేను చంద్రుని రోహిణిని చూసి విత్తనం వేయమన్నాను. ఆమె సూర్యుని పుష్యమిలో నిలబడి ఆగమన్నది. ఒక్క అక్షరం రాని ఆ మనిషి అశ్విని నుండి రేవతి దాకా తడుముకోకుండా చెప్పేది. నేనూ చెబుతాను. అయితే ఆమెకు ప్రతి పేరుతోనూ ఒక పని కూడా జ్ఞాపకం వచ్చేది.

ఇటువంటి విద్యలు ఈ గడ్డ మీద ఎన్నో ఉన్నవి. మహాశివరాత్రికి కోటప్పకొండకు వెళ్లిన వారు ప్రభలను చూసే ఉంటారు. ఎనభై తొంభై అడుగుల ప్రభ, ఊళ్లోంచి కొండదాకా నిలువునా నడిచి వస్తుంది. దానికి నక్షా గీసిన ఇంజనీరు ఎవరు? పదేళ్ల పిల్లవాడుగా మంచినీళ్లు అందించినవాడు, పదిహేనేళ్లకు మోకు చివర పట్టుకుంటాడు, ముప్పై ఏళ్లకు ఏ మోకు ఎప్పుడు సడలించాలో కేక వేస్తాడు. మిరప కళ్లంలో ఆడవారు గుప్పెడు కాయలు చెవి దగ్గర ఆడించి, గింజ గలగలను బట్టి ఎండినదీ లేనిదీ చెబుతారు. తాలుకాయను ఏరే వేళ్లకు కన్నుతో కూడా పని ఉండదు. గుంటూరు యార్డులో టిక్కీ విప్పగానే సరుకు ఏ ప్రాంతపుదో చెప్పేవారిని నేను ఎరుగుదును.

అట్లని బడి అక్కరలేదని నేనంటున్నానని దయచేసి భావించవద్దు. మిరపకోతల కాలంలో కర్నూలు వైపు నుంచి కుటుంబాలు వచ్చి చేల పక్కన పట్టాల కింద కాపురముంటాయి. వారి పిల్లలు మూడు నెలలు బడి మానుతారు. కళ్లంలో నేర్చుకుంటున్నారులే అని మనం సరిపెట్టుకుంటే అది పాపం. నేను చెప్పే గురువులలో చాలామంది తమ పిల్లలను బడికే పంపగోరారు. ఆ పెద్దామె కూడా తన మనుమరాలికి అక్షరాభ్యాసం నా చేతనే చేయించింది.

ఈ విద్య తెగిపోతే ఏమవుతుందో మన రెండు జిల్లాలూ చూశాయి. 1987-88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి మీద తెల్లదోమ పడింది. పురుగుకు మందు, మందుకు మొండికెత్తిన మరో పురుగు, దానికి ఇంకా ఘాటైన మందు. ఆకు తిప్పి చూసే అలవాటు పోయి, దుకాణంలో చెప్పిన డబ్బా కొట్టడం అలవాటైంది. ఆ మందులకు పురుగును తినే పురుగులు కూడా చచ్చాయి. పంట పోయి, అప్పు తీర్చలేక, అదే మందు తాగి ప్రాణాలు తీసుకున్న రైతుల ఇళ్లకు పరామర్శకు వెళ్లిన వారు ఈ సభలోనూ ఉన్నారు. వారి ముందు నేను ఎక్కువ చెప్పలేను.

1989లో ఇండోనేషియాలో వరి రైతుల కోసం ఒక కొత్త పద్ధతి మొదలుపెట్టారు. వారానికొకసారి రైతులు చేలోనే కలుసుకొని, మొక్కను పట్టి చూసి, కనిపించిన పురుగుల బొమ్మలు గీసి, ఏది శత్రువో ఏది మిత్రమో తేల్చుకొని, తరువాతనే మందు సంగతి ఆలోచించాలి. అది మన రాష్ట్రానికి వచ్చినప్పుడు పొలంబడి అని పేరు పెట్టారు. చక్కని పేరు. ఒకసారి నేనూ వెళ్లి గట్టు మీద కూర్చున్నాను. పేనుబంకను తినే అక్షింతల పురుగును చూపించారు. దోమను పట్టే సాలెపురుగును చూపించారు. అవధూత గురువులలో ఒకరు అక్కడ పత్తి ఆకు మీద నిజంగానే కనిపించారు! నేను చేతులు జోడిస్తే పిల్లలు నవ్వారు.

ఇక నా అపరాధం సంగతి. ఏడేళ్లు మోశాను. ఎనిమిదవ ఏట ఆ రైతు ఇంటికి వెళ్లి, ఆనాడు పోయినది మీ ప్రాప్తం వలన కాదు, నా మూర్ఖత్వం వలన అని చెప్పాను. ఆయన మంచం మీద నుంచి లేచి నిలబడ్డాడు. 

"తెలుసు బాబూ" అన్నాడు. "ఆవిడ చెప్పింది నిజమని నాకు అప్పుడే తెలుసు. నేనూ మట్టి పిసికినవాణ్ణేగదా."

"మరి ఎందుకు వేయించారు?"

"మీరు పెట్టిన మొదటి ముహూర్తం. పదిమందిలో కాదంటే మీరు చిన్నబోతారని."

విత్తనపు ఖరీదు ఇవ్వబోతే పుచ్చుకోలేదు. గుడిలో దీపానికి కట్టమన్నాడు. కట్టాను, రసీదు మీద ఆయన పేరే రాయించాను. దాతల పట్టికలో ఆ పేరు చదివిన వారు ఆయన నూనెకు ఇచ్చాడనే అనుకుంటారు. ఆయన దేనికి ఇచ్చాడో నాకు తెలుసు.

ఆ యేడు కార్తికమాసంలో మా ఊరి గుడిలో నేను పురాణం చెప్పాను. ఎర్రాప్రెగ్గడ పూర్తిచేసిన అరణ్యపర్వశేషంలోని ధర్మవ్యాధోపాఖ్యానం. ఆయన అద్దంకిలో ప్రోలయ వేమారెడ్డి ఆస్థానంలో ఉన్న మహాకవి. మన మట్టి ఎరిగినవాడు. కథ మీకు తెలిసినదే. కౌశికుడు కన్నెర్రజేస్తే కొంగ కాలి పడింది. ఆ గర్వంతో భిక్షకు వెళితే, భర్తకు అన్నం పెట్టి ఆలస్యంగా వచ్చిన ఇల్లాలు, తాను కొంగను కానని చెప్పి, ధర్మం తెలియాలంటే మిథిలలో మాంసం అమ్ముకొనే వ్యాధుని దగ్గరికి పొమ్మంటుంది. 

ఆ పెద్దామె వచ్చి మెట్ల కింద కూర్చున్నది. పైకి రమ్మన్నాను. ఆ రోజుల్లో ఆ మాట అనడం మా ఊళ్లో చిన్న సంగతి కాదు. వెనుక గొణుగుడు వినబడింది. ఆమె రాలేదు. నేనే ముందు మెట్టు మీదికి జరిగి కూర్చొని కథ చెప్పాను. అయిపోయిన తరువాత అందరూ ప్రసాదానికి లేచారు. ఆమె మాత్రం నిలబడి, ఒక సందేహం అన్నది. 

"అంత తెలిసిన ఇల్లాలు, ఆ అయ్యకు తనే చెప్పొచ్చుగా. మిథిలదాకా ఎందుకు పంపింది?"

నేను ఎర్రన పద్యాలు నెమరు వేసుకున్నాను. సంస్కృత మూలం నెమరు వేసుకున్నాను. వ్యాఖ్యానములలో ఎక్కడైనా ఉన్నదేమోనని తడుముకున్నాను. ఏమీ తోచలేదు. తెలియదమ్మా, నీకేమనిపిస్తున్నదని అడిగాను.

ప్రసాదం దొప్ప కొంగులో కట్టుకొంటూ ఆమె చెప్పింది: 

"ఇంట్లో పనుండి ఉంటదిలే అయ్యా."