కులపట్టికయు కంప్యూటరును
(సంఘ వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



మేము మిడుతూరున పుట్టి, కంప్యూటరు ప్రోగ్రాములు వ్రాయుటచే జీవించుచున్నవారము. మన కుటుంబముల వివరములన్నియు నొక పట్టికగా గూర్చి ఇంటర్నెట్టునందు ఉంచవలెనని కార్యనిర్వాహకవర్గమువారు తలచి, ఆ పనిని మాకు అప్పగించిరి. ఆరంభించిన పిదప మాకు గలిగిన శంకలను దాచుకొనుట న్యాయము గాదని యిచట మనవి చేయుచున్నాము.

మన పెద్దలు కుటుంబముల లెక్కను చేతిపుస్తకమున వ్రాసి పెట్టెలో నుంచెడివారు. చూడగోరువాడు ఆ యింటికి వచ్చి, కూర్చుండి, ఎందులకో చెప్పి చూడవలసి యుండెను. ఆ యడుగుటయే దానికి తాళము. కంప్యూటరు పట్టికకు అట్టి యడ్డు లేదు. ఒకసారి నకలు వెడలిన పిదప మరల పిలిచినను రాదు.

ఇది వట్టి యూహ గాదు. 2018వ సంవత్సరము ఏప్రిల్ నెలలో ఆంధ్రప్రదేశ్ గృహనిర్మాణ సంస్థవారి వెబ్‌సైటునందు లక్షకు పైబడిన లబ్ధిదారుల ఆధార్ సంఖ్యలును, బ్యాంకు ఖాతాల వివరములును ఎల్లరకు గానవచ్చుచున్నవని బయటపడినది. అంతకంటె భయంకరమైన దేమనగా, వారిని కులమునుబట్టియు మతమునుబట్టియు వెదకి తీయుటకు వీలుండెను. ఇండ్లు కట్టించుటకై వ్రాసికొన్న లెక్క, మనుష్యులను కులమువారీగా ఏరి చూపు లెక్కయైనది. అట్లు చేయవలెనని యెవరును తలచియుండరు. గడి యున్నది గనుక వెదకుటకు వీలైనది. మన పట్టికయో, పేరులోనే కులపట్టిక!

వివాహ పరిచయ భాగమును గూర్చి వేరుగా జెప్పవలెను. మా బంధువుల యమ్మాయి ఫొటోయు ఫోను నంబరును ఒక పరిచయ పట్టికనుండి వాట్సాపు గ్రూపులకు పోగా, తెలియనివారు రాత్రివేళల పిలువసాగిరి. ఆ బిడ్డ నంబరు మార్చుకొన్నది. సంబంధములు చూచుటయే మానుడని తండ్రితో జెప్పినది. పట్టిక పెట్టినవారు మంచివారే. కావున మన వివాహ భాగమును ఇంటర్నెట్టున నుంచము. ఇరుపక్షముల సమ్మతి గైకొని కార్యదర్శిగారు కాగితముపైననే చూపుదురు. సమ్మతి యనగా తండ్రి సంతకము మాత్రమే కాదు. ఫొటో యెవరిదో ఆ యమ్మాయినే యడుగవలెను. వ్యక్తుల సమాచారమును గూర్చి 2023లో పార్లమెంటు చేసిన చట్టమును సమ్మతినే ప్రధానముగా జెప్పుచున్నది.

ముసాయిదా పత్రమున పదునారు గడులుండెను. ఇంటిపేరు, కుటుంబపెద్ద పేరు, స్వగ్రామము, ఇప్పుడున్న ఊరు, ఇష్టమున్నచో ఫోను నంబరు, ఈ యయిదింటిని మాత్రమే నిలిపితిమి. ఆధార్ సంఖ్యను తీసివైచితిమి. పొలమెన్ని యెకరములన్న గడిని దీసినందులకు గొందరు పెద్దలు కోపించిరి. చందాల కది యావశ్యకమట! దాతలెవరో తెలియుటకు యంత్రమేల? ముందువరుస కుర్చీలను జూచిన జాలును.

ఇంకొక చిన్నమాట. 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా యేర్పడుటచే, పాతపత్రములలో కర్నూలు జిల్లా యనియు, క్రొత్తవానిలో నంద్యాల జిల్లా యనియు నుండి, ఒకే కుటుంబము రెండుగా లెక్కకు వచ్చుచున్నది. ఇంగ్లీషున మిడుతూరును తలకొక విధముగా వ్రాయుట మరియొక చిక్కు. తెలుగుననే వ్రాయుడు, యంత్రము చక్కగా చదువగలదు.

క్రొత్తపత్రములు ద్వారమువద్ద బల్లపై నున్నవి. పదునారు గడులును నింపి యిదివరకే యిచ్చినవారి పత్రములును అచ్చటనే యున్నవి; ఎవరివి వారు దయచేసి తిరిగి తీసికొనిపొండు.