తిరిగొచ్చినవాళ్ళు ఎట్లా మాట్లాడాలి

(ఇందల్వాయి సభలో చేసిన ప్రసంగ పాఠం)

వెనక గోడకు ఆనుకొని నిలబడ్డ ఆడపిల్లలూ, ముందు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, రండమ్మా. ఈ మాటలు ఎక్కువగా మీ కోసమే.

బడి గోడల బయట, ప్రయాణంలో దొరికే చదువు గురించి సభలో ఎట్లా మాట్లాడాలో చెప్పమన్నారు. మన పిల్లలు గురుకులాల నుంచి, కాలేజీల నుంచి దూరాలకు పోయి వస్తున్నారు. వచ్చాక తండాలో నాలుగు మాటలు చెప్పమంటే "చాలా బాగుంది" అని కూర్చుంటున్నారు. పక్కింటి పిల్లను పంపాలా వద్దా అని ఆలోచిస్తున్న తల్లికి ఆ ఒక్క మాట సరిపోదు.

తిరగడం మనకు కొత్త కాదు. ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకొని మన పెద్దలు లదేణి నడిపారు. ఏ వాగు ఎప్పుడు పొంగుతుంది, ఏ సంతలో ఏది ధర పలుకుతుంది, ఏ ఊళ్ళో పశువుకు మేత దొరుకుతుంది, అన్నీ నడకలోనే నేర్చుకున్నారు. రోడ్లు, రైళ్ళు వచ్చి లదేణి ఆగిపోయింది. ఆ జ్ఞానంలో పాటల్లో నిలిచింది మిగిలింది, చాలా భాగం పోయింది.

మద్రాసు వాసి ఏనుగుల వీరాస్వామి 1830 మేలో కాశీకి బయల్దేరి 1831 సెప్టెంబరులో ఇల్లు చేరాడు. హైదరాబాదు నుంచి నిర్మల, నాగపూరు వైపు సాగిన ఆయన దారి మన ప్రాంతం మీదుగానే. ఆయనకు పల్లకీ, పెద్ద పరివారం. మనకు ఆర్టీసీ బస్సు. అది వేరే సంగతి. 1838లో అచ్చయిన ఆయన 'కాశీయాత్ర చరిత్ర' ఇప్పటికీ ఎందుకు పనికొస్తుంది? ఎక్కడ దిగాలి, నీళ్ళు ఎట్లున్నాయి, ఏ సరుకు దొరుకుతుంది అని వెనక వచ్చేవాడికి కావలసింది రాశాడు. మీ ప్రసంగం కూడా వెనక వచ్చేవాళ్ళ కోసమే.

మన సిరికొండ మండలం పాకాల అమ్మాయి మాలావత్ పూర్ణ సంగతి చూడండి. 2014 మే 25న, పద్నాలుగేళ్ళు నిండకముందే, ఖమ్మం జిల్లా ఆనంద్ కుమార్‌తో కలిసి ఎవరెస్ట్ ఎక్కింది. ఆమె గురించి మాట్లాడే ప్రతివాళ్ళూ శిఖరం దగ్గర మొదలుపెడతారు. చప్పట్లు మోగుతాయి. వింటున్న తల్లి మాత్రం "ఆ పిల్ల వేరు, నా పిల్ల వేరు" అనుకుంటుంది. నన్నడిగితే భువనగిరి గుట్ట దగ్గర మొదలుపెట్టాలి. తాడ్వాయి గురుకులంలో చదివే పిల్ల మొదట తాడు పట్టుకుంది ఆ గుట్ట మీదే. తర్వాత డార్జిలింగ్‌లో శిక్షణ, ఆ తర్వాత లడఖ్ చలి, చివరికి టిబెట్ వైపు నుంచి ఎవరెస్ట్. భువనగిరికి బస్సుంది. అంత దూరం పంపడానికి ఏ తల్లికైనా ధైర్యం వస్తుంది.

మరి మీరు పోయొచ్చిన చోటు గురించి చెప్పేటప్పుడు గోర్‌బోలిలో మొదలుపెట్టండి. తెలుగు, ఇంగ్లీషు తర్వాత. పది నిమిషాలు దాటొద్దు. తెర మీద బొమ్మలు చూపిస్తే అందరూ బొమ్మలే చూస్తారు, పైగా కరెంటును నమ్ముకోలేం. అక్కడి నుంచి తెచ్చిన ఒక్క వస్తువు, రాయో గింజో టికెట్టో, చేతుల మీదుగా తిప్పండి. రాత్రి ఆడపిల్లల దగ్గర ఎవరు పడుకున్నారు, స్నానానికి చాటు ఉందా, నెలసరి వస్తే ఏం చేశారు, ఎంత ఖర్చయింది, ఎవరిచ్చారు అనేవి వాళ్ళు అడగకముందే మీరు చెప్పాలి. సభలో తల్లులు నోరు తెరిచి అడగరు. జవాబు దొరక్కపోతే ఇంటికి పోయి "వద్దు" అంటారు, అంతే. జ్వరం వచ్చిందా, ఏడుపొచ్చిందా, అదీ చెప్పండి. అంతా బాగుందని చెప్పేవాణ్ణి తండాలో ఎవరూ నమ్మరు.

ఒక ప్రశ్న మాత్రం తప్పకుండా వస్తుంది. ఎవరో పెద్దాయన లేచి, "మేమూ చెరుకు కొట్ట పోయినం, పిల్లల్ని వెంట తీసుకపోయినం, ఏం చదువొచ్చింది?" అంటాడు. దానికి నవ్వొద్దు. ఆయన అడిగింది న్యాయమే. పూట గడవక పోయే వలసలో పిల్ల బడి తెగిపోతుంది. చదువుకోసం పోయేచోట వెంట పంతులమ్మ ఉంటుంది, తిరిగొచ్చే తారీఖు ఉంటుంది, వచ్చేసరికి బడిలో పేరు అట్లనే ఉంటుంది. ఈ తేడా తేటగా చెప్పలేకపోతే ప్రసంగం అక్కడే మునుగుతుంది.

ఇంకో సంగతి. గల్ఫ్ పోయొచ్చిన అన్నలు మన మధ్య ఎందరో ఉన్నారు. పరాయి భాషలో పని నేర్చుకున్నారు, కాగితం చదవక మోసపోయినవాళ్ళూ ఉన్నారు. వాళ్ళను మనం డబ్బు లెక్క తప్ప ఇంకేం అడగలేదు. పిల్లల పక్కన వాళ్ళనూ మైకు ముందు నిలబెట్టండి. పాస్‌పోర్టు, వీసా, ఒప్పందం గురించి వాళ్ళకు తెలిసింది ఏ పాఠ్యపుస్తకంలోనూ లేదు.

మాట్లాడటం అయ్యాక దండలకు తొందరపడకుండా మైకు కిందికి పంపండి. నేనూ ఇప్పుడు అదే చేస్తున్నా. మూడో వరుసలో యాడీ, ఇందాకటి నుంచి ఏదో అడగాలని చూస్తున్నారు. తమ్ముడూ, మైకు అక్కడివ్వు.