బిడ్డకు ముందు ఇల్లు, ఆ తర్వాతే ఆశ్రమం
(వార్షిక మహాసభలో చేసిన ప్రసంగం)



పొద్దుట్నుంచి పొదుపులు, అప్పులు, రికవరీల లెక్కలు విన్నాం. ఇప్పుడు కాసేపు పిల్లల గురించి, అదీ ఆఫ్రికాలోని రువాండా అనే చిన్న దేశం పిల్లల గురించి చెప్తాను. అంత దూరం సంగతి మనకెందుకు అనుకోవద్దు. 1991లో నైజర్ దేశంలో మొదలైన ఆడవాళ్ల పొదుపు గుంపుల పద్ధతి ఆఫ్రికాలో చాలా దేశాలకు పాకింది. వాళ్లూ మనలాగే చుట్టూ కూర్చుని డబ్బు లెక్కపెట్టుకునే తల్లులే.

1994లో రువాండాలో మారణహోమం జరిగింది. సుమారు వంద రోజుల్లో లక్షల మంది చనిపోయారు. వేలాది ఇళ్లలో పెద్ద పిల్లే మిగిలినవాళ్లకు అమ్మా నాన్నా అయింది. పిల్లల కోసం అనాథాశ్రమాలు వెలిశాయి. ఆ రోజుల్లో అది అవసరమే. కానీ ఏళ్లు గడిచినా ఆశ్రమాలు అలాగే ఉండిపోయాయి. 2012లో లెక్క తీస్తే 33 సంస్థల్లో 3,323 మంది పిల్లలున్నారు. వాళ్లలో చాలామందికి అయినవాళ్లు బతికే ఉన్నారు! పేదరికమో, జబ్బో, ఇంట్లో గొడవలో వాళ్లను అక్కడికి చేర్చాయి.

ఆశ్రమంలో అన్నం దొరుకుతుంది, కాదనను. కానీ చంటిబిడ్డకు రోజూ ఎత్తుకునే ఒక మనిషి కావాలి. అక్కడ డ్యూటీ మారితే మనిషి మారిపోతుంది. పద్దెనిమిదేళ్లకు బయటికొస్తే పండక్కి పోవడానికి ఒక గడప ఉండదు.

అందుకే 2013లో ఆ ప్రభుత్వం, యునిసెఫ్ కలిసి ఒక కార్యక్రమం పెట్టాయి. దాని పేరుకు అర్థం "పిల్లల్ని కుటుంబంలోనే పెంచుదాం" అని. ఒక్కరోజులో గేట్లు మూసి పిల్లల్ని బయటికి పంపలేదు. ఒక్కొక్క బిడ్డ గురించి విచారించి, అయినవాళ్లను వెతికి, వాళ్లను సిద్ధం చేసి అప్పజెప్పారు. ఎవరూ లేని పిల్లలకు పెంపుడు కుటుంబాల్ని చూశారు. ఆ తర్వాత కూడా ఇంటికెళ్లి చూసి వచ్చారు. వికలాంగులైన పిల్లల్ని ఇళ్లకు చేర్చడం మాత్రం అన్నిటికంటే కష్టమైంది.

ఇంకో మంచి ఏర్పాటు ఉంది. ప్రతి ఊళ్లో ఒక ఆడమనిషి, ఒక మగమనిషి "కుటుంబ మిత్రులు"గా ఉంటారు. దేశమంతా కలిపి దాదాపు 30 వేల మంది. జీతం లేదు. ఏ బిడ్డ బడి మానేసింది, ఏ ఇంట్లో పిల్లాణ్ణి కొడుతున్నారు అన్నది కనిపెట్టి, మాట్లాడి సర్దేది సర్దుతారు, సర్దలేనిది అధికారులకు చెప్తారు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. పిల్లపై అఘాయిత్యం జరిగితే పెద్దమనుషుల్లో కూర్చుని సర్దేది కాదు. దానికోసం 2009 నుంచి "ఇసాంగే" కేంద్రాలు పెట్టుకుంటూ వచ్చారు. వైద్యం, పోలీసు, న్యాయసాయం, మనసుకు ధైర్యం చెప్పేవాళ్లు అన్నీ ఒకేచోట, డబ్బు కట్టే పని లేకుండా. బిడ్డ తన బాధను పదిచోట్ల పదిసార్లు చెప్పుకోనక్కర్లేదు.

ప్రేమ ఒక్కటే చాలదు, ఇంట్లో గింజలు కూడా ఉండాలి. కెన్యాలో 2004 నుంచి అనాథ పిల్లల్ని పెంచే పేద కుటుంబాలకు ప్రభుత్వం నగదు ఇవ్వడం మొదలుపెట్టింది. మనవణ్ణి సాకే ముసలి అవ్వకు అప్పు ఇస్తే తీర్చలేదు. ఆమెకు కావలసింది సాయం. అప్పు ఎవరికి, సాయం ఎవరికి అన్న తేడా సంఘాలు నడిపే మనకు బాగా తెలుసు.

చివరిగా ఒక్క కోరిక. గ్రామ సంఘం నెల మీటింగులో రికవరీ అయ్యాక ఒక ప్రశ్న కూడా ఎజెండాలో పెట్టుకోండి: ఈ నెల మన ఊళ్లో ఏ బిడ్డకు అమ్మో నాన్నో పోయారు, ఎవరు బడి మానేశారు, ఎవరికి చిన్న వయసులో పెళ్లి మాట నడుస్తోంది? జవాబు మినిట్స్‌లో రాస్తే ఆ పిల్ల పేరు అందరి నోళ్లలో నానుతుంది. కాబట్టి పేరు రాయకండి, ఇద్దరు సభ్యులకు బాధ్యత అప్పజెప్పండి. ప్రమాదం అనిపిస్తే వెంటనే 1098కి ఫోన్ చెయ్యండి.