మూడో సంతకం

 

కంపెనీలూ పర్యావరణ సంఘాలూ కలిసి ఒక అడవినో గడ్డిభూమినో కాపాడతామని ఒప్పందం రాసుకోవడం ఇప్పుడు వింతేమీ కాదు. మన దేశంలో 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం, ఒక స్థాయి దాటిన సంస్థలు గత మూడేళ్ల సగటు నికర లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చుపెట్టాలి. ఆ పనుల జాబితాలో పర్యావరణ సమతుల్యత, వృక్ష, జంతుజాల రక్షణ ఉన్నాయి. డబ్బుంది, ఖర్చు చేసి తీరాల్సిన అవసరమూ ఉంది. కనుక ఇలాంటి పొత్తులు ఇంకా పెరుగుతాయి. వీటిని మెచ్చుకునేవాళ్లూ తిట్టేవాళ్లూ ఒకే ప్రశ్న దగ్గర ఆగిపోతున్నారు: కంపెనీకి చిత్తశుద్ధి ఉందా, లేదా? నా మటుకు అది రెండో ప్రశ్న. ఆ నేల మీద హక్కున్నవాళ్లు ఒప్పందంలో ఉన్నారా, అందులోని మాట చట్టంలోకో దస్తావేజులోకో ఎక్కిందా అన్నదే మొదటి ప్రశ్న.

ఇందుకు నాకు తెలిసిన గట్టి సాక్ష్యం కెనడా పశ్చిమ తీరంలోని గ్రేట్ బేర్ వర్షారణ్యం. విస్తీర్ణం సుమారు 64 లక్షల హెక్టార్లు. శతాబ్దాల వయసున్న సెడార్ చెట్లు, సాల్మన్ చేపలు ఎదురీదే వాగులు, నల్ల ఎలుగు జాతిలోనే తెల్లటి బొచ్చుతో పుట్టే అరుదైన ఎలుగులు అక్కడివి. 1990లలో ఆ అడవి కోతను ఆపాలని గ్రీన్‌పీస్, సియెరా క్లబ్ వంటి సంఘాలు కలప కంపెనీలను బతిమాలుకుంటూ కూర్చోలేదు. కలప కొనేవాళ్ల దగ్గరికి వెళ్లాయి. అంతరించే ప్రమాదమున్న అడవుల కలపను మానుకుంటామని 1999లో అమెరికా దుకాణాల సంస్థ హోమ్ డిపో ప్రకటించింది. గిరాకీకి దెబ్బ తగిలాక కంపెనీలు చర్చలకు వచ్చాయి. దాన్ని సహృదయత అనక్కర్లేదు. కొన్ని లోయల్లో కోత ఆపుతామని కంపెనీలు, మార్కెట్ ప్రచారం ఆపుతామని సంఘాలు మాట ఇచ్చిపుచ్చుకున్నాయి.

అయితే ఆ రెండు పక్షాలూ మాట్లాడుకున్నది మూడో పక్షం నేల గురించి. హైల్ట్సుక్, గిట్‌గాట్ వంటి ఆదివాసీ జాతులు తరతరాలుగా ఉంటున్న తీరమది. వాళ్లు లేకుండా సాగిన మంతనాలను వాళ్లు తప్పుపట్టారు, పలు తీర జాతులు కలిసి 2000లో సొంత కూటమి కట్టాయి. వాళ్ల గొంతుకు బలమిచ్చింది జాలి కాదు. ఆదివాసుల భూహక్కు సజీవంగానే ఉందని 1997లో డెల్గముక్ కేసులో కెనడా సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు. ఆ తర్వాత రాష్ట్ర ప్రభుత్వంతో వాళ్లు సమాన హోదాలో కూర్చున్నారు. 2006లో భూ వినియోగ నిర్ణయం వెలువడింది. 2007లో 12 కోట్ల డాలర్ల నిధి ఏర్పడింది. సగం దాతృత్వ సంస్థలది, సగం కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలది. అందులో సగం అడవి సంరక్షణకు, మిగతా సగం అక్కడి జనం ఉపాధికి. 2016లో చట్టం వచ్చింది. అడవిలో 85 శాతం కోతకు దూరమైంది, మిగిలిన 15 శాతంలో కఠిన నియమాలతో కోత సాగుతుంది.

ఇంత కాలం పడితే ఈలోగా అడవి మిగులుతుందా అని అడిగేవాళ్లున్నారు. న్యాయమైన ప్రశ్నే. కంపెనీలు, సంఘాలు చేసుకున్న తొలి ఒప్పందం విలువ సరిగ్గా అక్కడే ఉంది: అది గొడ్డలిని ఆపి, మాటకు వ్యవధి ఇచ్చింది. దాన్నే రక్షణ అనుకుంటేనే పొరపాటు. కంపెనీలకు ఇందులో లాభమే తప్ప త్యాగం లేదన్నది ఇంకో విమర్శ. ఉండనీయండి. లాభం చూసుకుని వచ్చినవాడు కూడా చట్టం ముందు కట్టుబడక తప్పదు, త్యాగబుద్ధి మాత్రం యాజమాన్యం మారితే మారిపోవచ్చు. దస్తావేజు సంగతికి ఇంకో ఉదాహరణ: అమెరికాలో వాల్‌మార్ట్ 2005లో జాతీయ మత్స్య, వన్యప్రాణి ఫౌండేషన్‌తో కలిసి, తన దుకాణాలు ఆక్రమించిన ప్రతి ఎకరానికి మరో ఎకరం కాపాడతానని పదేళ్లకు 3.5 కోట్ల డాలర్లు ప్రకటించింది. దుకాణం కింద పోయిన పొలం దీనితో తిరిగి రాదు. అయినా అలాంటి పథకాల్లో అక్కరకొచ్చే పనిముట్టు ఒకటుంది: భూమి ఎన్ని చేతులు మారినా వదలని సంరక్షణ షరతును దస్తావేజులోనే రాయించడం. ప్రకటనకన్నా నేను దానికే ఎక్కువ మార్కులు వేస్తాను.

ఇక మన నేల సంగతి. ఉమ్మడి అనంతపురం జిల్లాలోని కల్పవల్లిలో, టింబక్టు కలెక్టివ్ అనే స్వచ్ఛంద సంస్థ తోడ్పాటుతో చుట్టుపక్కల ఊళ్లవాళ్లు 1990ల నుంచి కార్చిచ్చు పడకుండా, చెట్టు కొట్టనీయకుండా కాపలా కాసి, బోడిగుట్టల మీద వేల ఎకరాల్లో గడ్డీ చెట్టూ మళ్లీ లేచేలా చేశారు. పశువులకు మేత, ఇళ్లకు ఈతబరిక దొరికాయి. రెవెన్యూ రికార్డుల్లో మాత్రం అది బంజరే. గాలిమరల కంపెనీ వచ్చినప్పుడు కొండలు తొలిచి రోడ్లు వేశారు, వివాదం జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లింది. పవన విద్యుత్తూ పర్యావరణానికి మేలేగా అంటారు. మేలే. తగువు గాలిమరతో కాదు. కాపాడినవాళ్ల పేరు ఏ కాగితంలోనూ లేకపోవడంతో. కెనడా తీర జాతులకు ఉన్న ఆసరా వీళ్లకు లేదు. పేరు ఉండి ఉంటే అదే కంపెనీ మొదట వాళ్ల గడప తొక్కేది, మరలు ఎక్కడ పెట్టాలో, రోడ్డు ఎటు పోవాలో వాళ్లతో తేల్చుకునేది.

మన దగ్గర దారులు లేకపోలేదు. 2006 అటవీ హక్కుల చట్టం గ్రామసభకు సామూహిక అటవీ వనరులపై హక్కు ఇస్తుంది. 2002 జీవవైవిధ్య చట్టం వారసత్వ స్థలాలను ప్రకటించే వీలు కల్పించింది. బంజరుగా నమోదైన గడ్డిభూములకు అటవీ హక్కుల చట్టం సులువుగా వర్తించదు. అక్కడ కొత్త ఆలోచన కావాలి.

ఈ సదస్సుకు వచ్చిన పరిశోధకులను కోరేదొక్కటే. మీ జిల్లాల్లో కంపెనీలు, సంఘాలు రాసుకున్న ఒప్పంద పత్రాలను సేకరించండి. ఖర్చు లెక్కలకు ముందు సంతకాల పేజీ చూడండి. గ్రామసభ సంతకం లేని ప్రతి పత్రాన్నీ పేరుపెట్టి ప్రకటించండి, వచ్చే సదస్సులో ఆ జాబితాను చర్చకు పెట్టండి.