రక్తపరీక్షలో అంకె ఎక్కువ వచ్చినప్పుడు
(సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



గత నెలలో మన సంఘం జరిపిన ఉచిత వైద్య శిబిరంలో బి.పి., షుగరుతోపాటు మగవారికి పి.ఎస్.ఏ. అనే రక్తపరీక్ష కూడా చేశారు. కాగితాలు వచ్చాయి. కొందరి కాగితాల్లో అంకె పక్కన నక్షత్రం గుర్తు ఉంది. దాన్ని చూసి ఒక మిత్రుడు రెండు రాత్రులు నిద్రపోలేదు. ఇంకొకరు ఇంట్లో చెప్పకుండా బీరువాలో దాచారు. మరొకరి అబ్బాయి అమెరికా నుంచి ఫోన్ చేసి, వారం లోగా ముక్క పరీక్ష చేయించి తీరాలని పట్టుబట్టాడు. అందుచేత కార్యదర్శిగారు నన్ను నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను డాక్టరును కాను. ముప్పైనాలుగేళ్ళు ఖజానా శాఖలో బిల్లులు చూసిన గుమాస్తాను. అయితే అలాంటి నక్షత్రం ఉన్న కాగితం 2023 నుంచి నా దగ్గర కూడా ఉంది. దానితో ఎలా నెట్టుకొస్తున్నానో చెప్పగలను. సోదరీమణులు మన్నించాలి. మగవాళ్ళు ఈ సంగతి ఇంట్లో చెప్పరు గనుకనే మీరుండగా చెబుతున్నాను.

ప్రోస్టేట్ అనేది మూత్రాశయం కింద, మూత్రనాళం చుట్టూ ఉండే చిన్న గ్రంథి. మన తెలుగు వైద్య పుస్తకాల్లో పౌరుష గ్రంథి అంటారు. పడుచు వయసులో సుమారు 20 గ్రాములు ఉంటుంది. తల నెరిసినట్లే వయసుతోపాటు ఇదీ పెరుగుతుంది. రాత్రి నాలుగుసార్లు లేవడం, ధార సన్నబడటం, పోసి వచ్చినా ఇంకా మిగిలినట్లుండటం, వీటికి ఎక్కువమందిలో కారణం ఈ మామూలు పెరుగుదలే, కాన్సరు కాదు. చిత్రమేమిటంటే కాన్సరు తొలిదశలో చాలామందికి ఏ బాధా ఉండదు.

పి.ఎస్.ఏ. అనేది ఈ గ్రంథి తయారుచేసే ఒక మాంసకృత్తు. అందులో కొంత రక్తంలోకి వస్తుంది. మిల్లీలీటరుకు 4 నానోగ్రాములు దాటితే ప్రయోగశాలవారు నక్షత్రం వేస్తారు. డెబ్బై దాటినవారికి 6.5 వరకు చూసీచూడనట్లు పోవచ్చునని 1993లోనే ఒక లెక్క వచ్చింది గాని, అచ్చయిన కాగితాల్లో చాలావరకు 4 మాత్రమే ఉంటుంది. గ్రంథి పెరిగినా ఈ అంకె పెరుగుతుంది. మూత్రంలో చీము చేరినా, మూత్రం బిగిసి గొట్టం వేసినా పెరుగుతుంది. కాన్సరు ఉన్నా పెరుగుతుంది. అంకె 4కూ 10కీ మధ్య ఉన్నవారికి ముక్క తీసి చూస్తే, సుమారు నలుగురిలో ఒకరికి కాన్సరు కనబడుతుందని చెబుతారు.

మన భాషలో చెప్పాలంటే ఇది ఆడిట్ వారి అభ్యంతరం వంటిది. అభ్యంతరం వచ్చిందంటే సొమ్ము స్వాహా అయిందని కాదు, వోచరు చూపమని. అలాగని సమాధానం రాయకుండా ఫైలు కింద పెట్టేయడమూ కుదరదు.

నా సంగతి. మొదటిసారి 7.8 వచ్చింది. అంతకు పది రోజుల ముందు మూత్రంలో మంట, చలిజ్వరం వచ్చి తగ్గాయి. రక్తం తీసినవారు ఆ మాట అడగలేదు. కాగితం ఇస్తూనే కౌంటరు దగ్గరి కుర్రవాడు, "తాతగారూ, బయాప్సీ ప్యాకేజీ ఉంది, రాయమంటారా?" అన్నాడు. వద్దులే నాయనా అని వచ్చేశాను. మూత్రవ్యాధుల నిపుణుడి దగ్గరకు వెళ్ళాను. ఆయన నిదానస్తుడు. మందులు వాడించి, ఎనిమిది వారాలు ఆగి మళ్ళీ చేయించమన్నారు. ఈసారి 5.6 వచ్చింది. వేలితో పరీక్షించి, గడ్డ తగలలేదన్నారు. ఆ పరీక్షకు సిగ్గుపడేవారున్నారు. అర నిమిషం పని, బెంగపడవలసినదేమీ లేదు.

తరువాత ఆయన అడిగిన ప్రశ్నే ఇవాళ నేను మీ ముందుంచదలచినది. "ముక్క తీసి చూసి, నెమ్మదిగా పెరిగే చిన్న కాన్సరు అని తేలితే మీరేం చేస్తారు?" అన్నారు. నాకు జవాబు తోచలేదు. ఇంటికి వెళ్ళి ఆలోచించుకుని రమ్మన్నారు.

ఇంటికి వచ్చి మా ఆవిడతో చెప్పాను. ఆమె మొదట అన్నమాట, "ముక్క తీస్తే జబ్బు ఒళ్ళంతా పాకుతుందట గదా" అని. ఈ మాట మనలో చాలామంది నోట వింటాను. మర్నాడు డాక్టరుగారిని అడిగితే ఆ భయానికి ఆధారం లేదన్నారు. ముక్క పరీక్షలో ఉన్న ఇబ్బందులు వేరు. సుమారు పన్నెండు చోట్ల సూదితో సన్నని ముక్కలు తీస్తారు. కొన్ని రోజులు మూత్రంలో నెత్తురు జీర కనబడుతుంది. మలద్వారం గుండా తీస్తే కొందరికి చీము చేరి జ్వరం వస్తుంది, ఆసుపత్రిలో చేరవలసి రావచ్చు. పెరీనియం అనే చోట, అంటే మలద్వారానికి ముందున్న చర్మం గుండా తీస్తే ఆ ప్రమాదం తక్కువ. గుండెకు స్టెంటు వేయించుకుని రక్తం పలచబడే మాత్రలు వాడేవారు ఆ సంగతి ముందే చెప్పి తీరాలి. సొంతంగా మాత్ర మానడం మాత్రం కూడదు.

మా అబ్బాయి డల్లాస్‌లో ఉంటాడు. "నాన్నా, అనుమానం ఎందుకు, చేయించేయి" అన్నాడు. వాడిది ప్రేమ. కాని వాడున్న దేశంలోనే ప్రభుత్వం నియమించిన నిపుణుల సంఘం 2018లో ఏమందంటే, 55 నుంచి 69 ఏళ్ళ వారు డాక్టరుతో మాట్లాడి తమకు తాము నిర్ణయించుకోవాలి, 70 దాటినవారికి బాధలేమీ లేకుండా ఊరికే ఈ పరీక్ష చేయవద్దు అని. ఐరోపాలో లక్షా అరవై వేలమందికి పైగా మగవారిని 23 ఏళ్ళు గమనించిన పరిశోధన ఫలితం 2025లో వచ్చింది. పరీక్షకు పిలిచిన 456 మందిలో ఒకరికి ఈ కాన్సరు చావు తప్పింది. ఆ ఒక్కరు మన ఇంటివారైతే అది చిన్న సంగతి కాదు. మిగిలినవారిలో కొందరు అవసరంలేని చికిత్స పొంది, మూత్రం అదుపు తప్పి, దాంపత్యసుఖం పోగొట్టుకున్నారన్నదీ నిజమే. బ్రిటనులో 50 నుంచి 69 ఏళ్ళ వారికి, గ్రంథి దాటని కాన్సరు ఉన్నవారికి, ఆపరేషను చేసినా, కిరణ చికిత్స ఇచ్చినా, ఊరికే గమనిస్తూ వచ్చినా, పదిహేనేళ్ళ తరువాత ఆ జబ్బుతో పోయినవారు మూడు జట్లలోనూ నూటికి సుమారు ముగ్గురే. ఇది 2023లో వచ్చింది.

అయితే ఇంకో పక్క కూడా చూడాలి. 2025 మే నెలలో అమెరికా మాజీ అధ్యక్షుడు జో బైడెన్‌కు ఈ కాన్సరు ఎముకలకు పాకిన దశలో బయటపడింది. చివరిసారి పి.ఎస్.ఏ. చేసింది 2014లోనని ఆయన తరఫువారు చెప్పారు. అంతటివారికే ఇలా జరిగితే మనమెంత అని మన పార్కు బెంచీ మీద పెద్ద చర్చ జరిగింది. డెబ్బై దాటగానే అందరికీ ఒకటే ఉత్తర్వు అంటే నాకూ నచ్చదు. డెబ్బైమూడేళ్ళకు రోజూ రెండు మైళ్ళు నడిచే మనిషి, అదే వయసుకు డయాలిసిస్ మీద ఉన్న మనిషి ఒకటి కాదు గదా. ముందు పదేళ్ళు, అంతకు మించి బతికే ఓపిక కనబడే శరీరమా అన్నది డాక్టరు చూస్తారు. మనమూ మనసులో చూసుకోవాలి.

నేను రెండు రోజుల తరువాత వెళ్ళి చెప్పిన జవాబు ఇది: నెమ్మదైన కాన్సరైతే ఆపరేషను వద్దు, గమనిస్తూ ఉంటాను. చురుకైనదైతే చికిత్స తీసుకుంటాను. "అయితే ముందు ఎం.ఆర్.ఐ. చేయిద్దాం" అన్నారాయన. ఇప్పుడు చాలాచోట్ల ముక్క తీసేముందు ఈ స్కాను తీస్తున్నారు. అనుమానాన్ని 1 నుంచి 5 వరకు అంకెతో రాస్తారు. 4, 5 అయితే ఆ చోటనే గురిచూసి ముక్క తీస్తారు. 3 అయితే ఎటూ తేలనట్లు. నాకు 2 వచ్చింది. గ్రంథి 64 గ్రాములు ఉందన్నారు. 5.6ను 64తో భాగించమని, 0.15కు లోపల ఉంటే కొంత ధైర్యమని డాక్టరు చెప్పగా నేనే కాగితం మీద భాగించాను. 0.09 కన్నా తక్కువే వచ్చింది. స్కాను కూడా కొన్నింటిని వదిలేస్తుందని ఆయన దాచకుండా చెప్పారు. ముక్క పరీక్ష ప్రస్తుతానికి వద్దని ఇద్దరం నిర్ణయించుకున్నాం. ఆరు నెలలకొకసారి రక్తం ఇస్తున్నాను. 5.4, 5.7, 5.5. ఇంతవరకు అంతే.

నా దారే అందరి దారి అనుకోకండి. నాతో పనిచేసిన మిత్రుడొకరున్నారు, ఆయన అనుమతితోనే చెబుతున్నాను. గ్రంథి వాపుకు డ్యుటాస్టరైడ్ మాత్ర రెండేళ్ళుగా వాడుతున్నారు. ఆయన అంకె 3.9. నక్షత్రం లేదు. ఇంటిల్లిపాదీ సంతోషించారు. కాని ఆ మాత్ర, ఫినాస్టరైడ్ కూడా, కొన్ని నెలలు వాడేసరికి పి.ఎస్.ఏ.ను సుమారు సగానికి దించుతాయి. డాక్టరు దాన్ని రెట్టింపు చేసి 7.8గా లెక్కవేశారు. వేలికి గట్టి గడ్డ తగిలింది. ముక్క తీస్తే గ్లీసన్ 8, అంటే చురుకైన రకం అని తేలింది. ఎముకలకు ఇంకా పాకలేదు. హార్మోను సూదిమందు, కిరణ చికిత్స జరిగాయి. ఇవాళ ఆయన వెనక వరసలో కూర్చుని నా మాటలు వింటున్నారు. ఆయన ముక్క పరీక్ష వద్దనుకుని ఉంటే ఏమయ్యేదో ఊహించడానికే నాకు మనసొప్పదు.

కనుక మీ మాత్రల చీటీ కాగితంతోపాటు పట్టుకెళ్ళండి. మూత్రంలో నెత్తురు పడినా, నడుము ఎముకల్లో రాత్రిళ్ళు కూడా తగ్గని నొప్పి ఉన్నా ఈ లెక్కలన్నీ పక్కనపెట్టి డాక్టరును చూడండి. ఉన్నట్టుండి కాళ్ళు పట్టు తప్పితే ఆ రోజే వెళ్ళాలి, తెల్లవారేదాకా ఆగకూడదు. ఇక మన కొడుకులు ఇప్పుడు యాభై దగ్గరకు వస్తున్నారు. తండ్రికి గాని అన్నదమ్ములకు గాని ఈ కాన్సరు వచ్చి ఉంటే వారికి ప్రమాదం సుమారు రెండింతలు. నలభై అయిదు నుంచే డాక్టరుతో మాట్లాడమనండి. ఇది దాచిపెట్టవలసిన జబ్బు కాదు, వాళ్ళకు చెప్పవలసినది.

కార్యవర్గానికి నాదొక ప్రతిపాదన. మన దేశంలో ప్రభుత్వపు కాన్సరు తనిఖీ కార్యక్రమం నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం, ఈ మూడింటికే. ప్రోస్టేట్‌కు లేదు. శిబిరాలవారు చేస్తే చేసినట్లు. కాబట్టి వచ్చే శిబిరంలో రక్తం తీయకముందే ప్రతి సభ్యునికీ అరపేజీ కాగితం ఇవ్వాలి. వయసు, వాడే మాత్రలు, ఈమధ్య మూత్రంలో మంట వచ్చిందా, ఇంట్లో ఎవరికైనా ఈ జబ్బు ఉందా, అంకె ఎక్కువ వస్తే ముందుకు వెళ్ళే ఉద్దేశం ఉందా, ఇవి రాయించాలి. ఆఖరి ప్రశ్నకు వద్దని రాసినవారి రక్తం ఈ పరీక్షకు తీయనక్కరలేదు. వారిని ఎవరూ బలవంతపెట్టకూడదు, పిరికివాళ్ళనీ అనకూడదు. తీర్మానం ముసాయిదా రాసి కార్యదర్శిగారికి ఇచ్చాను.

శనివారం ఉదయం పది నుంచి పన్నెండు వరకు నేను మన సంఘం రీడింగు రూములో ఉంటాను. కాగితం తెచ్చుకున్నవారికి వైద్యం చెప్పను గాని, డాక్టరుగారిని అడగవలసిన ప్రశ్నలు వరసగా రాసిపెడతాను. పాత రిపోర్టులు కూడా తేదీలవారీగా పెట్టి తీసుకురండి. వీలైతే ఇంటావిడను కూడా వెంటబెట్టుకు రండి. బీరువాలో దాచిన మిత్రుడు కూడా రావచ్చు, పేరు ఎవరికీ చెప్పను.

సెలవు. నమస్కారం.