పొట్లము వెనుక చిన్న అక్షరములు

(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ ఉదయము మన ఇళ్ళలో కలిపిన ఉగాది పచ్చడిలో ఏమేమి ఉన్నవని ముందు వరుసలో చాపమీద కూర్చున్న అయిదేళ్ళ పిల్లవాణ్ణి అడగండి. వేపపువ్వు, కొత్త బెల్లము, చింతపండు, మామిడికాయ, ఉప్పు, కారము అని వేళ్ళు మడిచి చెప్తాడు. వాడి చేతిలో ఉన్న ఆ మెరుపు కాగితపు పొట్లములో ఏమున్నదని అడగండి. వాడు చెప్పలేడు, వాడి తల్లిదండ్రులు చెప్పలేరు, అమ్మిన కొట్టువాడు అసలే చెప్పలేడు. మేము నాలుగు మాటలు చెప్పదలచినది దీనిని గురించే. మేము చదివినది మెట్రిక్కు వరకు, చేసేది రైల్వేలో గుమాస్తా పని. వైద్యులము కాము. కాబట్టి రోగములకన్న చీటీలను గురించే ఎక్కువగా మాట్లాడుతాము. చీటీల సంగతి మాకు తెలుసును.

పార్సెలు ఆఫీసుకు మూట తెచ్చినవాడు లోపల ఏమున్నదో కాగితముమీద వ్రాసి సంతకము చేయవలెను. ‘ఇంటి సామాను’ అని వ్రాసి లోపల బాణసంచా పెట్టినవానికి 1989 నాటి రైల్వే చట్టములో శిక్ష ఉన్నది. బండి ఎక్కే మూటకే ఇంత విచారణ ఉంటే, పిల్లవాని కడుపులోకి ఎక్కే మూటకు ఉండవద్దా? ఉన్నది. 2006లో ఆహార భద్రత, ప్రమాణముల చట్టము వచ్చినది. పొట్లముమీద ఏమి వ్రాయవలెనో, ఎట్లా వ్రాయవలెనో దాని క్రింద నిబంధనలు చేశారు. వ్రాయవలసినవారు వ్రాస్తున్నారు. చదవవలసినవాళ్ళము చదవటము లేదు. చదువుదామన్నా చాలమందికి వీలుపడటము లేదు.

పోయిన నెల మన కార్యవర్గములో ఒక చర్చ వచ్చినది. వేసవి సెలవులలో జరిగే పిల్లల పోటీలకు చిప్సు పొట్లములు, తియ్యని పానీయముల సీసాలు బహుమతిగా ఇద్దామని కొందరు, వద్దని కొందరు. చివరకు ఒక పెద్దాయనగారు, “ఎవరి ఇష్టము వారిది నాయనా, తినేవాడు తింటాడు, మానేవాడు మానతాడు” అన్నారు. మాట న్యాయముగానే ఉన్నది. ఎవరి కంచములో ఏముండవలెనో సంఘము శాసించరాదు. కాని ఇష్టము తెలిసిన వస్తువుమీద పుడుతుంది. తెలియనిదానిమీద పుట్టేది ఇష్టము కాదు, అలవాటు.

డాల్డా సంగతి చూడండి. ఈ సభలో నెరసిన తలలున్న ప్రతివారికీ ఆ పసుపుపచ్చ డబ్బా, దానిమీది ఆకుపచ్చ చెట్టు జ్ఞాపకముంటవి. 1937లో మన దేశపు బజారుకు వచ్చినది. నూనెలోకి నికెలు సమక్షములో హైడ్రోజన్ వాయువును పంపితే నూనె గట్టిపడి నెయ్యివలె పేరుకుంటుంది. అదే వనస్పతి. చౌక, నిలవ ఉంటుంది, పెళ్ళిలో లడ్డులకు బాగుంటుంది. దీనిని నేతిలో కలిపి అమ్మేవారిని పట్టుకొనుటకు ప్రభుత్వమువారు ఒక ఉపాయము చేశారు. వనస్పతిలో నూటికి అయిదు పాళ్ళు నువ్వులనూనె తప్పక కలపవలెనన్నారు. నువ్వులనూనె ఉన్నదా లేదా అన్నది ఒక రసాయన పరీక్షలో ఎర్రరంగు తేలి బయటపడుతుంది. మంచి ఉపాయమే. కాని ఆ పరీక్ష కల్తీ నేతిని పట్టేది. డాల్డాను డాల్డాగానే కొని తిన్న అమాయకునికి అది చెప్పేది ఏమీ లేదు. ఆ గట్టిపడే పనిలో కొంత కొవ్వు ‘ట్రాన్సు’ కొవ్వుగా మారుతుందని, అది చెడ్డ కొలెస్ట్రాలును పెంచి మంచిదానిని తగ్గిస్తుందని హాలెండు దేశపు పరిశోధకులు 1990లో చూపించారు. మన దేశములో నూనెలలో, కొవ్వులలో దీనిని 2021 జనవరి 1 నుంచి నూటికి మూడు పాళ్ళకు, 2022 జనవరి 1 నుంచి రెండు పాళ్ళకు కట్టడి చేశారు. 1937 ఎక్కడ, 2022 ఎక్కడ! ఆ ఎనభై అయిదేళ్ళు తిన్నవారందరూ ఇష్టపడే తిన్నారు మరి.

రొట్టె పిండిలో వేసే పొటాషియం బ్రోమేటు కథ ఇంత పొడుగు కాదు. ఢిల్లీలోని ఒక పర్యావరణ సంస్థ 2016లో బజారు రొట్టెలను పరీక్షించి ఫలితములను పత్రికలకు ఇచ్చినది. ఆ యేడే దానిని వాడరాదన్నారు. బయట పెట్టినవారు ఉంటే పని త్వరగా జరుగుతుంది.

మన తెలుగుగడ్డమీద జరిగిన సంగతి ఇంకొకటి. విరేచనములు పట్టిన బిడ్డకు త్రాగించే ఓ.ఆర్.ఎస్. అందరికీ తెలిసినదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ కొలత ప్రకారము ఒక లీటరు నీటికి గ్లూకోజు 13.5 గ్రాములు, ఉప్పు 2.6 గ్రాములు, మరి రెండు లవణములు. ఇదే పేరు తగిలించుకొని, ఎన్నోరెట్లు ఎక్కువ చక్కెరతో పండ్లరసపు పానీయములు మందుల షాపులకు ఎక్కినవి. అంత చక్కెర పడితే పేగు నీటిని లోపలికి లాగుకొనుటకు బదులు బయటికి వదులుతుంది, విరేచనములు ఎక్కువవుతవి. హైదరాబాదు పిల్లల వైద్యురాలు డాక్టరు శివరంజని సంతోష్ గారు దాదాపు ఎనిమిదేళ్ళు ఉత్తరాలు వ్రాసి, న్యాయస్థానమునకు వెళ్ళి పోరాడారు. 2025 అక్టోబరు 14న ఆ మూడక్షరములు అట్టి పానీయముల పేరులో ఉండరాదని ఆహార భద్రతా సంస్థ ఉత్తరువు ఇచ్చినది. అర్ధరాత్రి బిడ్డను భుజాన వేసుకొని షాపుకు పరుగెత్తిన తల్లి తానే ఎంచుకొని కొన్నది. కాని ఆమె కొన్నది పేరును. డబ్బాలో ఉన్నది వేరు.

ఇట్లా చెప్తే పొట్లపు తిండి తినేవారినందరిని బోనులో నిలబెడుతున్నామని అనుకోవద్దు. రాత్రి డ్యూటీలో మూడు గంటలవేళ మా సంచిలోనూ బిస్కత్తు పొట్లమే ఉంటుంది. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగమునకు పోయే ఇంట జంతికలు వత్తే తీరిక ఎవరికి? ఆడవారిని నిందించి చేతులు దులుపుకొనే ఉపన్యాసములు మేము చాల విన్నాము, మాకవి నచ్చవు. జంతికలు వత్తటము మగవారికి నిషేధమని ఏ శాస్త్రములోనూ లేదు.

ఇక చీటీ చదివే పద్ధతి. దినుసులను బరువునుబట్టి వ్రాయవలెను, ఎక్కువ పడినది ముందు. సీసా ముందువైపు మామిడిపళ్ళ బొమ్మ ఉండవచ్చును. వెనుక నీళ్ళు, చక్కెర, మామిడిగుజ్జు అని ఈ వరుసలో ఉంటే అందులో పండుకన్న చక్కెర ఎక్కువ. కొందరు ఇంకా తెలివిగలవారు. చక్కెర ఒకచోట, ద్రవ గ్లూకోజు ఒకచోట, డెక్స్ట్రోజు ఒకచోట, ఇన్వర్టు సిరపు ఒకచోట వ్రాస్తారు. ఒకే ఇంటి నలుగురు అన్నదమ్ములు నాలుగు బోగీలలో విడివిడిగా ఎక్కినట్లు! నలుగురిని ఒక బెంచీమీద కూర్చోబెట్టి చూస్తే, గోధుమపిండికన్న వాళ్ళే ముందు నిలబడవచ్చును.

ఉప్పు లెక్క మరొకటి. చీటీమీద ఉప్పు అని ఉండదు, సోడియము అని మిల్లీగ్రాములలో ఉంటుంది. దానిని రెండున్నరతో హెచ్చిస్తే ఉప్పు వస్తుంది. 100 గ్రాములకు 1000 మిల్లీగ్రాముల సోడియము అని ఉన్నదనుకోండి. పొట్లము 70 గ్రాములు. అప్పుడు సోడియము 700, ఉప్పు 1750 మిల్లీగ్రాములు, అనగా గ్రామున్నర దాటి ముప్పాతిక. పెద్దవానికి రోజు మొత్తముమీద అయిదు గ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. పిల్లవాడు బడినుంచి వచ్చి పది నిమిషములలో, ఆవకాయ ముట్టకుండానే, మూడోవంతు తినివేసినాడు. ఇక ఐ.ఎన్.ఎస్. అంకెలు. అంకె కనబడగానే విషమని భయపడరాదు. 330 అంటే నిమ్మ ఉప్పు, మన పులిహోరలోనూ వేసేవారున్నారు. 500 అంటే వంటసోడా. 102, 110 అన్నవి పసుపు, నారింజ రంగులు. పిల్లల నడవడిమీద, ఏకాగ్రతమీద ఇవి చెడు ప్రభావము చూపవచ్చునని యూరపు దేశములలో 2010 నుంచి పొట్లముమీద హెచ్చరిక వ్రాయిస్తున్నారు.

రంగుల మాట వచ్చినది గనుక పీచుమిఠాయి సంగతి. గుడ్డలకు వేసే రోడమిన్-బి అనే గులాబీరంగు అందులో దొరికినదని 2024 ఫిబ్రవరిలో పుదుచ్చేరి, వెనువెంట తమిళనాడు దాని అమ్మకమును నిషేధించినవి. మార్చిలో కర్ణాటక రంగు పీచుమిఠాయిని వద్దన్నది. యానాములోను, మద్రాసులోను, బళ్ళారిలోను ఉన్న మన బంధువులకు ఇది అనుభవమే. తిరునాళ్ళ మిఠాయికి చీటీ ఎక్కడ ఉంటుంది? అక్కడ చదువు కూడ పనికిరాదు, అధికారులే పరీక్ష చేయవలెను. తినేవాని ఎంపికకు అందని చోటు ఒకటి ఉన్నదని చెప్పుటకే ఈ మాట ఎత్తినాము.

మన బోటి వలస కుటుంబములకు వీటన్నిటిపైన మరొక చిక్కు ఉన్నది. చీటీ ఆంగ్లములోగాని హిందీలోగాని ఉంటే చాలునని నిబంధన. వేరే భాష కలుపుకోవచ్చును, కాని కలపవలెనని లేదు. ఈ ఖుర్దారోడ్డు కాలనీలో పలాస, సోంపేట, టెక్కలి వైపునుంచి వచ్చిన మామ్మగార్లు ఎందరో ఉన్నారు. రామాయణము పారాయణము చేయగలరు. సాయంత్రము మనుమనికి తిండి పెట్టేది వారే, పొట్లము చింపేది వారే. దానిమీద వారు చదవగల అక్షరము ఒక్కటీ ఉండదు. వారికి తెలిసినది ఒక్కటే, ఆకుపచ్చ చుక్క. ఉంటే శాకాహారము. ఆ చుక్కను చదువు రానివారు కూడ దుకాణములో ముందు వెదుకుతారు. అటువంటి గుర్తే చక్కెరకు, ఉప్పుకు, కొవ్వుకు ఎందుకుండరాదు? చిలీ దేశములో 2016 నుంచి ఇవి మితిమీరిన పొట్లముల ముందువైపు ఎనిమిది కోణముల నల్లముద్ర వేస్తున్నారు. మన దేశములో 2022లో నక్షత్రముల పద్ధతి ఒకటి ముసాయిదాగా వచ్చినది. 2025 ఏప్రిలులో సుప్రీంకోర్టువారు ముందువైపు గుర్తుల సంగతి మూడు నెలలలో తేల్చమని గడువు పెట్టి, జూలైలో మరి మూడు నెలలు పొడిగించారు. నక్షత్రములు మాకు అంతగా నచ్చలేదు. ఒకే నక్షత్రము వచ్చినా అది బహుమతివలె కనబడుతుంది. నల్లముద్ర అయితే మామ్మగారికి వెంటనే తెలుస్తుంది.

ఆ ముద్ర వచ్చేలోగా మన చేతిలో పని ఏదంటే, ఇంటిలో ఆంగ్లము వచ్చిన పిల్ల పొట్లము వెనుకవైపు గట్టిగా చదివి, తెలుగులో నాయనమ్మకు చెప్పటము. దానికి ఏడో తరగతి చదువు చాలును. పిల్లలకు తెలుగు రావటము లేదని ప్రతి ఉగాది సభలోనూ మనము విచారిస్తున్నాము. ఇందులో తెలుగు కూడ వస్తుంది. వరుసగా నాలుగు రోజులు తానే చదివి చెప్పిన తరువాత కూడ పిల్ల అదే పొట్లము కావాలంటే, అది ఆ పిల్ల ఇష్టము. అప్పుడు పెద్దాయనగారి మాట మేమూ ఒప్పుకుంటాము.

బహుమతుల సంగతి ఇంకా తేలలేదు. ఈ నెలాఖరు ఆదివారము సాయంత్రము కార్యవర్గము మళ్ళీ సమావేశమవుతుంది, సభ్యులందరూ రావచ్చును. ప్రతి ఇంటినుంచి ఒక ఖాళీ పొట్లము తీసుకొని రావలెనని మా మనవి. పిల్లలు చదువుతారు, పెద్దలు వింటారు, పిమ్మట చేతులెత్తి తేల్చుకుందాము. అక్షరములు మరీ చిన్నవి గనుక పెద్దాయనగారు కళ్ళజోడు మరచిపోకుండా రావలెనని ప్రత్యేకముగా ప్రార్థిస్తున్నాము.