స్ప్రింగ్‌లో ఇల్లు కొనడం: డాలస్‌లో మార్చికీ మే నెలకీ తేడా ఎక్కడుంది?

ఈ మధ్య ఎక్కువమంది అడుగుతున్నది ఒకటే ప్రశ్న. "స్ప్రింగ్ మార్కెట్ మొదలైంది, ఇప్పుడే కొనేయాలా, ఆగాలా?" అడిగేవాళ్లలో సగానికి పైగా డాలస్ వైపువాళ్లే. ఫ్రిస్కో, ప్రాస్పర్, సెలీనా, మెకిన్నీ. అందుకని ఈరోజు 2026 స్ప్రింగ్, నార్త్ టెక్సాస్, ఇంతవరకే మాట్లాడుకుందాం. వేరే స్టేట్‌లో ఉన్నవాళ్లకి రూల్స్ మారతాయి, లెక్క వేసుకునే పద్ధతి మాత్రం పనికొస్తుంది.

ముందు సీజన్ సంగతి. స్కూళ్లు ఆగస్టు రెండో వారంలో మొదలవుతాయి. పిల్లలున్నవాళ్లంతా జూలైలోపు కొత్త ఇంట్లో ఉండాలనుకుంటారు. కాంట్రాక్ట్ సైన్ చేశాక క్లోజింగ్‌కి లోన్‌తో అయితే 30 నుంచి 45 రోజులు. అంటే ఏప్రిల్, మే నెలల్లో అందరూ ఒకేసారి ఇళ్లమీద పడతారు. ఫిబ్రవరి చివర్లో, మార్చి మొదట్లో ఇళ్లు తక్కువ ఉంటాయి, కొనేవాళ్లు ఇంకా తక్కువ ఉంటారు. దానికో చిన్న కారణం కూడా ఉంది, వింటే నవ్వొస్తుంది: గడ్డి. ఇక్కడి బెర్ముడా గడ్డి చలికాలమంతా ఎండిపోయి గోధుమ రంగులో ఉంటుంది. మార్చి చివరికి గానీ పచ్చబడదు. ఫొటోలు బాగా రావాలని చాలామంది అప్పటిదాకా లిస్టింగ్ పెట్టరు. కాబట్టి గడ్డి ఎండి ఉన్నప్పుడే ఇల్లు అమ్మకానికి పెట్టారంటే, వాళ్లకి తొందర ఉందేమో కనుక్కోవడం మంచిది.

ఇక మన క్యాలెండర్. ఇది ఇంగ్లిష్ వీడియోల్లో ఎవరూ చెప్పరు. ఈ ఏడాది అధిక జ్యేష్ఠం వచ్చింది, మే 17 నుంచి జూన్ 15 వరకు. జూలై మధ్య నుంచి ఆషాఢం. అంటే గృహప్రవేశానికి మిగిలేవి రెండే ముక్కలు: ఏప్రిల్ 18 నుంచి మే 16 వరకు ఉండే వైశాఖం, తర్వాత జూన్ మధ్య నుంచి జూలై మధ్య వరకు నిజ జ్యేష్ఠం. మనవాళ్లంతా ఆ రెండు ముక్కల్లోకే దూరాలని చూస్తారు. దానికి తోడు ఈస్ట్ ఫేసింగ్ కావాలి. ఫ్రిస్కోలో తూర్పు ముఖం ఇంటికి శనివారం పొద్దున్న క్యూ ఎందుకు కడతారో అర్థమైందా?

వైశాఖంలో పాలు పొంగించాలంటే మార్చి నెలాఖరుకల్లా కాంట్రాక్ట్ అయిపోవాలి. అది కుదరకపోతే ఏం చేస్తారు? నేను చెప్పేది ఏంటంటే, క్లోజింగ్ తేదీ వేరు, గృహప్రవేశం తేదీ వేరు. రెండూ ఒకేరోజు ఉండాలని ఎవరూ రూల్ పెట్టలేదు. మధ్యలో రెండు వారాలు గ్యాప్ పెట్టుకోవచ్చు, పంతులుగారితో ముందే మాట్లాడుకోండి. ఇంకోమాట, "మాకు ఫలానా తేదీకే ముహూర్తం" అని సెల్లర్ ఏజెంట్ ముందు మాత్రం అనకండి. మీకు గడువు ఉందని తెలిశాక వాళ్లు ధర ఎందుకు తగ్గిస్తారు?

అసలు విషయం ఇక్కడే ఉంది. మార్చికీ మేకీ తేడా ధరలో ఉంటుందని అందరూ అనుకుంటారు. నా లెక్కలో పెద్ద తేడా రోజుల్లో ఉంటుంది. టెక్సాస్‌లో ఆప్షన్ పీరియడ్ అని ఉంటుంది. కొన్ని వందల డాలర్లు ఆప్షన్ ఫీజు కడితే, ఆ గడువులో ఏ కారణమూ చెప్పకుండా కాంట్రాక్ట్ నుంచి బయటికి రావచ్చు, ఎర్నెస్ట్ మనీ వెనక్కి వస్తుంది. సాధారణంగా 5 నుంచి 10 రోజులు. ఇన్‌స్పెక్షన్ చేయించేది అప్పుడే. ఇక్కడి మట్టి బంకమట్టి, తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది. అందుకే ఫౌండేషన్‌లో పగుళ్లు. పగులు కనిపిస్తే స్ట్రక్చరల్ ఇంజినీర్‌ని పిలవాలి, ఆయనకి రెండు మూడు రోజులు కావాలి. మార్చిలో మీకు 10 రోజులు అడిగే ధైర్యం ఉంటుంది. మేలో ఐదు ఆఫర్ల మధ్య మీదొకటి అయినప్పుడు, ఏజెంట్ "ఆప్షన్ మూడు రోజులకి తగ్గిద్దాం" అంటారు, ఇంకాస్త వేడెక్కితే "అసలు వదిలేద్దాం" అంటారు. మీరు కూడా లీజ్ అయిపోతోందని తల ఊపేస్తారు. అప్పు ముప్పై ఏళ్లది, చూసుకునే గడువు మూడు రోజులు. నాకైతే ఇది అస్సలు నచ్చదు.

వడ్రేటు గురించి కూడా ఇదే మాట. ఉదాహరణకి 4 లక్షల డాలర్ల లోన్, 30 ఏళ్లు. 6.5 శాతానికి నెలకి దాదాపు 2,528 డాలర్లు, 6 శాతానికి 2,398. తేడా 130 డాలర్లు. రేట్లు తగ్గితే తర్వాత రీఫైనాన్స్ చేసుకోవచ్చు, దానికీ ఖర్చు ఉంటుందనుకోండి. పగిలిన ఫౌండేషన్‌ని మాత్రం రీఫైనాన్స్ చేయలేం.

వడగళ్లు మర్చిపోకండి. మార్చి నుంచి జూన్ దాకా ఇక్కడ వడగళ్ల సీజన్. మీరు కాంట్రాక్ట్ సైన్ చేసి క్లోజింగ్ కాకముందే రూఫ్ దెబ్బతింటే? టెక్సాస్ స్టాండర్డ్ కాంట్రాక్ట్ ప్రకారం క్లోజింగ్‌లోపు ఇంటిని ముందున్న స్థితికి తేవాల్సింది సెల్లరే. తేలేకపోతే మీరు బయటికి రావచ్చు, లేదా కొన్నాళ్లు పొడిగించుకోవచ్చు. కాబట్టి పెద్ద వాన పడిన మర్నాడు రూఫ్ మళ్లీ చూడమని అడగండి, మొహమాటపడొద్దు. ఇన్సూరెన్స్ కొటేషన్‌లో గాలి, వడగళ్ల డిడక్టబుల్ వేరుగా, శాతంలో రాస్తారు. ఇంటి విలువ 5 లక్షలు, డిడక్టబుల్ 2 శాతం అంటే మొదటి 10 వేల డాలర్లు మీ జేబులోంచే.

కొత్త ఇళ్లు చూసేవాళ్లకి వేరే క్యాలెండర్. బిల్డర్లు క్వార్టర్ చివర్లో లెక్కలు చూపించాలి. లెనార్‌కి మొదటి క్వార్టర్ ఫిబ్రవరి చివరికి ముగుస్తుంది, డీఆర్ హోర్టన్‌కి మార్చి 31కి ఒక క్వార్టర్ ముగుస్తుంది. కట్టేసి ఖాళీగా ఉన్న ఇల్లు ఆ తేదీలోపు క్లోజ్ చేసేవాళ్లకి రేటు తగ్గింపో, క్లోజింగ్ ఖర్చులో సాయమో ఇవ్వడానికి వాళ్లు ఎక్కువ సుముఖంగా ఉంటారు. ఇంకా పునాది వేయని ఇంటికి ఈ లెక్క వర్తించదు.

హెచ్‌1బి మీద ఉన్నవాళ్లు ఇది జాగ్రత్తగా వినండి. 2025 మే 25 నుంచి గ్రీన్ కార్డ్ లేనివాళ్లకి ఎఫ్‌హెచ్‌ఏ లోన్ ఇవ్వడం ఆపేశారు. పాత వీడియోలు చూసి 3.5 శాతం డౌన్ పేమెంట్‌తో అయిపోతుందనుకుంటే ఇబ్బందిపడతారు. కన్వెన్షనల్ లోన్ దొరుకుతుంది. ప్రీ-అప్రూవల్ ఫిబ్రవరిలోనే తెచ్చుకోండి. ఉద్యోగం పోతే మీకుండేది 60 రోజుల గ్రేస్ పీరియడ్ అన్న సంగతి నేను గుర్తు చేయనక్కర్లేదు. డౌన్ పేమెంట్ కట్టాక ఆరు నెలల ఈఎంఐ చేతిలో మిగలకపోతే, ముహూర్తం ఎంత బాగున్నా ఈ స్ప్రింగ్ వదిలేయమనే చెప్తాను.

పిల్లలు ఇంకా స్కూల్‌కి వెళ్లనివాళ్లు, మీరెందుకండీ ఈ తొక్కిసలాటలోకి? స్కూళ్లు తెరిచాక సెప్టెంబర్, అక్టోబర్‌లో అమ్ముడుపోని ఇళ్ల యజమానులు మెత్తబడతారు. అపార్ట్‌మెంట్ లీజ్ మే, జూన్‌లలో అయిపోతుంటే, ఆరు నెలలకి పొడిగిస్తారేమో ఇప్పుడే అడగండి. చాలాచోట్ల ఖాళీ చేయడానికి 60 రోజుల నోటీస్ ఇవ్వాలి కాబట్టి, ఆ మెయిల్ మార్చిలోనే పంపాలి.

ఉన్న ఇల్లు అమ్మి పెద్దది కొనేవాళ్లకి ఒక్క విషయం. ముందు అమ్మేసి, క్లోజింగ్ తర్వాత అదే ఇంట్లో అద్దెకి ఉండేలా రాసుకోవచ్చు. టెక్సాస్‌లో దానికి సెల్లర్స్ టెంపరరీ లీజ్ అనే ఫారం ఉంది, గరిష్ఠంగా 90 రోజులు. స్ప్రింగ్‌లో కొనేవాళ్లు దీనికి త్వరగా ఒప్పుకుంటారు, ఎందుకంటే వాళ్లకి ఇల్లు కావాలి. రెండు ఈఎంఐలు కట్టే బాధ తప్పుతుంది, పిల్లల స్కూల్ ఏడాదీ మధ్యలో తెగదు.

ఈ వారాంతం ఇళ్లు చూడ్డానికి వెళ్లేవాళ్లు, 2024 ఆగస్టు నుంచి ఏజెంట్ మీకు ఇల్లు చూపించాలంటే ముందు రాతపూర్వక ఒప్పందం ఉండాలి. అందులో కమిషన్ ఎంత, ఎన్ని నెలలు కట్టుబడి ఉండాలి అన్న రెండు గడులూ చదివాకే సైన్ చేయండి. మీ అంతట మీరు ఓపెన్ హౌస్‌కి వెళ్తే దానికి ఏ సంతకమూ అక్కర్లేదు. వచ్చే ఎపిసోడ్‌లో ప్రాపర్టీ టాక్స్ ప్రొటెస్ట్ గురించి, మామూలుగా దానికి మే 15 గడువు కాబట్టి ఏప్రిల్‌లో నోటీస్ వచ్చాక ఆ కాగితం పారేయకండి.